భుజం కీలులో ఇన్ఫెక్షన్: చికిత్స అయినవాళ్లు చెప్పండి

తెనాలి_అబ్బాయి:
నాన్నకి 64. షుగర్ ఎప్పటినుంచో ఉంది. కుడి భుజం పట్టేసిందని కీల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించాం. వారం తిరక్కుండానే నొప్పి రెట్టింపైంది. చెయ్యి ఒంటికి అదిమి పట్టుకుని కూర్చుంటున్నారు, చొక్కా తొడగబోతే అరుస్తున్నారు. జ్వరం 99 దాటలేదు, ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష సీఆర్‌పీ మాత్రం 140. ఒక డాక్టరు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. ఇంకో ఆర్థో డాక్టరేమో "అవి వేయకండి, ముందు కీల్లో నీరు తీసి చూడాలి" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఖమ్మం_పద్మ:
రెండో ఆయన మాట వినండి తమ్ముడూ. మా అత్తయ్యగారు డయాలసిస్ పేషెంట్. మెడలో వేసిన గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ మొదలై రక్తంలోంచి భుజానికి పాకింది. అప్పటికే ఎవరో ఇచ్చిన మాత్రలు మింగేసి ఉన్నారు. దాంతో, కీలు నీటిలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఏ క్రిమో తెలియక అన్నిటికీ పనిచేసే ఘాటు మందులు ఎక్కించాల్సి వచ్చింది. జ్వరం లేదని ధీమాగా ఉండకండి, ఆవిడకీ లేదు.

ఆర్థో_పీజీ:
ఎక్స్‌రే మొదట్లో మామూలుగానే ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. భుజం లోతైన కీలు కాబట్టి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది వేస్తే మేలు. తీసిన నీటిలో తెల్లకణాల లెక్క, క్రిస్టల్స్ (గౌట్ లాంటి జబ్బుల్లో కీల్లో చేరే స్ఫటికాలు), గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో క్రిముల్ని చూడటం), కల్చర్ అన్నీ అడగండి. కణాలు 50,000 దాటితే గట్టి అనుమానమే. తక్కువున్నా కొట్టిపారేయలేం. గౌట్ క్రిస్టల్స్ కనిపించినా ఇన్ఫెక్షన్ లేదని కాదు, రెండూ కలిసి ఉండొచ్చు. గ్రామ్ స్టెయిన్ చాలామందిలో నెగెటివే వస్తుంది. కొంత నీరు బ్లడ్ కల్చర్ సీసాలో కూడా వేయమనండి, క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది. రక్తం కల్చర్ కూడా ముందే తీయించండి. అయితే బీపీ పడిపోతున్నా, మనిషి మగతగా ఉన్నా, నీరు తీసేదాకా ఆగుదామని మందు ఆపకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

తెనాలి_అబ్బాయి:
నీరు తీశారండీ. పల్చటి మజ్జిగలా వచ్చింది. కణాలు 82,000. రాత్రికే ఆపరేషన్‌లో కీలు కడిగి వాష్ చేస్తామన్నారు. చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ మంచిదా, కోసి చేయడం మంచిదా?

వైజాగ్_సుబ్బు:
నాకు కీహోల్ చేశారు. అనుభవం ఉన్న చేతైతే ఏదైనా పర్లేదు, చీము మొత్తం బయటికి రావడం ముఖ్యం. నాకు ఒక వాష్‌తో తగ్గలేదు, సీఆర్‌పీ దిగకపోయేసరికి మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. అలా అయితే టెన్షన్ పడకండి, కొందరికి రెండోసారి అవసరమవుతుంది. తర్వాత రెండు వారాలు నరంలోకి మందు, ఆపైన మాత్రలు, మొత్తం ఆరు వారాలు. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపేద్దామనిపిస్తుంది, ఆపకండి.

ఆర్థో_పీజీ:
మాత్రలకి మారితే మందు బలహీనపడుతుందని చాలామంది భయపడతారు. బ్రిటన్‌లో ఒవైవా అనే పెద్ద ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. ఎముక, కీలు ఇన్ఫెక్షన్లలో సరైన మాత్రలు ఇంజెక్షన్లకి తీసిపోవని తేలింది. కాకపోతే కల్చర్ చూసి ఎంచిన మాత్రలు అయ్యుండాలి.

కరీంనగర్_మాస్టారు:
నాది వేరే కథ. జ్వరం లేదు, చీము లేదు, చెయ్యి మెల్లగా పట్టేస్తూ వచ్చింది. ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) అని నెలల తరబడి ఫిజియో చేయించారు. భుజం మీది కండ కరిగి ఎముక తేలింది. చివరికి ఎమ్మారై, ముక్క తీసి పరీక్ష చేస్తే టీబీ. ఏడాదికి పైగా మందులు వాడాను. ఫిజియోతో నెలలు గడిచినా కదలిక రాక, కండ తగ్గుతుంటే టీబీ సంగతి అడగండి.

డాలస్_వాసి:
భుజం సర్జరీ అయినవాళ్లకి ఒక మాట. చర్మం మీదుండే క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది. సీఆర్‌పీ నార్మల్‌గానే ఉండొచ్చు. నాకు వాపు కూడా లేదు, ఉన్నదల్లా తగ్గని నొప్పే. కల్చర్ ప్లేట్లు ఐదు రోజులకే పారేయకుండా 14 రోజులు ఉంచమని సర్జన్ ల్యాబ్‌కి చెప్పారు, రెండో వారంలో ఆ క్రిమి బయటపడింది.

తెనాలి_అబ్బాయి:
వాష్ అయింది. కల్చర్‌లో స్టాఫ్ ఆరియస్ అనే క్రిమి వచ్చింది, మామూలు మందులకి లొంగని ఎమ్మార్‌ఎస్‌ఏ రకం కాదట. సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు. నాన్న నిన్న ఎడమ చేత్తో ఇడ్లీ తిన్నారు, కుడి చెయ్యి ఇంకా స్లింగ్‌లోనే ఉంది. ఇంటికెళ్లాక ఆ భుజానికి కొబ్బరినూనె కాచి మర్దన చేస్తానంటోంది అమ్మ.

విజయనగరం_ఫిజియో:
మర్దన, కాపడం వద్దండీ. సర్జన్ ఒప్పుకోగానే ముందుకి వంగి చెయ్యి వేలాడేసి మెల్లగా ఊపే వ్యాయామం మొదలుపెట్టించండి. వేళ్లు, మోచెయ్యి మాత్రం ఇవాళ్టి నుంచే కదపమనండి. ఎక్కువ రోజులు స్లింగ్‌లో ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. అమ్మగారికి నూనె పని కావాలంటే ఎడమ భుజం ఉంది కదా!