మహేంద్ర బాహుబలికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న – విజయవాడ నుంచి ఒక ప్రేక్షకుడు

రెండు భాగాలనూ ఒకే చిత్రంగా కూర్చి 2025 అక్టోబరు 31న విడుదల చేసిన ‘బాహుబలి: ది ఎపిక్’ చూసి వచ్చినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. 2015లో మొదటి భాగాన్ని, 2017లో రెండో భాగాన్ని విడివిడిగా చూసినప్పుడు ఇది నాకు తట్టలేదు. తండ్రీకొడుకుల కథలు ఒకే కూర్పులో పక్కపక్కన కనిపించేసరికి తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది.

అమరేంద్ర బాహుబలి శివగామి పెంపకంలో, భల్లాలదేవుడితో సమానంగా విద్యలు నేర్చి పెరిగినవాడు. కాలకేయులతో యుద్ధంలో తనకు దక్కవలసిన ఆయుధ సామగ్రి దక్కకపోయినా, గుడ్డలను శత్రుసేన మీదికి విసిరించి వాటికి నిప్పంటించే ఉపాయం పన్నుతాడు. కుంతల రాజ్యం మీద పిండారీలు పడినప్పుడు కొమ్ములకు మంటలు కట్టిన ఎడ్లను, ఆనకట్ట నీటిని ఆయుధాలుగా మార్చుకుంటాడు. అతడు గెలిచిన ప్రతిచోటా దాని వెనుక చదువు, ఆలోచన, అలవాటు ఉన్నాయని మనకు తెలుస్తుంది.

మహేంద్రుడి విషయంలో అలా తెలియదు. జలపాతం కింది గూడెంలో సంగ కొడుకుగా పెరిగిన శివుడు పైకి ఎక్కి వచ్చిన కొద్దికాలానికే మాహిష్మతిలోకి చొరబడి, పాతికేళ్లుగా సంకెళ్లలో ఉన్న దేవసేనను విడిపించి, భల్లాలదేవుడి కొడుకు తల నరుకుతాడు. కట్టప్ప నోట తండ్రి కథ విన్న వెంటనే జనాన్ని కూడగట్టి, తాటిచెట్లను వంచి మనుషులను కోట గోడల మీదుగా లోపలికి విసిరే వ్యూహం కూడా తానే పన్నుతాడు. అతనికి కత్తి పట్టడం నేర్పింది ఎవరు? సేనను నడపడం ఎప్పుడు చూశాడు? నాయకుడు మహాబలుడు కావడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ చిత్రం మీద నాకున్న ప్రేమ వల్లనే అడుగుతున్నాను. రక్తంలోనే ఉన్నదని చెప్పి ఊరుకోవడం ఆ పాత్రకు న్యాయమేనా?

జవాబు 1 – హైదరాబాద్

మీ ప్రశ్నలో సగాన్ని నేను ఒప్పుకోను. శివుడికి గురువు లేకపోవచ్చు కానీ సాధన లేదనడం సరికాదు. చిన్నప్పటి నుంచీ జలపాతం ఎక్కడానికి ప్రయత్నించి, జారి కిందపడి, మళ్లీ ఎక్కినవాడు అతడు. జారే రాతిని వేళ్లతో పట్టుకోవడం, దూకే ముందు దూరాన్ని కంటితో కొలవడం, పడినప్పుడు దెబ్బ తగలకుండా ఒళ్లు కాచుకోవడం, ఇవన్నీ ఏళ్ల తరబడి చేస్తేనే వస్తాయి. సంగ మొక్కు కోసం బిందెలు మోస్తుంటే చూడలేక శివలింగాన్నే పెకలించి భుజాన వేసుకుని జలపాతం కిందికి చేర్చిన సన్నివేశం కూడా కేవలం బలప్రదర్శన కాదు. అతని బలం తల్లి మీది ప్రేమ నుంచి కదులుతుందని అక్కడే తెలుస్తుంది.

మిగతా సగాన్ని, అంటే యుద్ధవిద్య, వ్యూహరచన సంగతిని నేను సమర్థించలేను. అయితే అక్కడ ప్రేక్షకుడికి అనుమానం ఎందుకు రాలేదో చెప్పగలను. రెండో భాగంలో ఎక్కువ సమయం తండ్రి గతానికే పోయింది. దాదాపు రెండు గంటల పాటు ప్రభాస్ ముఖంతో అమరేంద్రుడు బాణం వేయడం, ప్రజలను కూడగట్టడం చూశాం. ఆ వెంటనే అదే ముఖంతో మహేంద్రుడు యుద్ధానికి కదిలాడు. తండ్రి చేసిన సాధన అంతా మన మనసులో తెలియకుండానే కొడుకు ఖాతాలో పడిపోయింది. ఆ రెండు పాత్రలనూ వేరువేరు నటులు వేసి ఉంటే, మీరు ఇప్పుడు అడిగిన ప్రశ్నను 2017లో థియేటర్ నుంచి బయటికి వస్తూనే అందరూ అడిగేవారని నా నమ్మకం.

జవాబు 2 – రాజమహేంద్రవరం, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

అయ్యా, మన కథాసంప్రదాయంలో బలం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఆర్జించుకున్న బలం. మీరు విజయవాడవారు కనుక ఇంద్రకీలాద్రి గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. పాశుపతం కోసం అర్జునుడు తపస్సు చేయడమే కాక, కిరాతుడి రూపంలో వచ్చిన శివుడితో పోరాడి, అమ్ములపొదులు ఖాళీ అయి, గాండీవం కూడా చేజారిన తరువాతనే ఆ అస్త్రాన్ని పొందాడు. రెండోది గుర్తుకు వచ్చిన బలం. హనుమంతుడు పుట్టుకతోనే మహాబలుడు. మునుల శాపం వల్ల తన శక్తిని తానే మరచిపోయి, సముద్రతీరాన జాంబవంతుడు గుర్తుచేసేవరకు వానరులతో కలిసి కూర్చున్నాడు. మహేంద్రుడు ఈ రెండో దారివాడు, కట్టప్ప అతని పాలిటి జాంబవంతుడు. అందువల్ల అతనికి విద్య నేర్పే సన్నివేశం లేకపోవడం నాకు లోటుగా అనిపించలేదు.

నన్ను ఆలోచింపజేసేది వేరొక సంగతి. తేలికగా వచ్చిన శక్తి తేలికగా పోయే వీలు కథలో ఉందా, లేదా? 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’నే తీసుకోండి. తోటరాముడు తోటమాలి కొడుకు. నేపాళ మాంత్రికుడు తనను బలి ఇవ్వబోతున్నాడని తెలిసి, అతణ్నే బలి ఇచ్చి భైరవి ప్రతిమను దక్కించుకుంటాడు. ఆ క్షణం నుంచి అతనికి కోరిందల్లా దొరుకుతుంది. ఇంతకంటే సులభంగా శక్తిమంతుడైన నాయకుడు మన తెరమీద అరుదు. అయినా ఎవరికీ అసంతృప్తి కలగలేదు. ఎందుకంటే సదాజపుడి వల్ల తిరిగి బతికిన మాంత్రికుడు ఆ ప్రతిమను కాజేయించగానే, మేడ, రాజకుమారి, సంపద అన్నీ పోయి రాముడు మళ్లీ వట్టి చేతులతో మిగులుతాడు. అంజిని వెంటబెట్టుకుని మాంత్రికుడి గుహకు వెళ్లే రాముడి దగ్గర తెలివి, తెగువ తప్ప మరేమీ లేవు. అతడు నిజంగా నాయకుడైంది అక్కడేనని నేను మా పిల్లలకు పాఠం చెప్పినన్నాళ్లూ చెబుతూ వచ్చాను. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’లో మణి మహిమ సూర్యకాంతి ఉన్నంతసేపే పనిచేయడం కూడా ఈ కోవలోనిదే. చీకటి పడితే ఆ కుర్రవాడు మామూలు మనిషి.

జవాబు 3 – విజయనగరం జిల్లా

నేను కర్రసాము నేర్చుకున్నవాణ్ని కనుక నాకు తెలిసిన మేరకు రాస్తున్నాను. మా గురువుగారు మొదట్లో నెలల తరబడి కర్రను తిప్పనివ్వలేదు; నిలబడటం, అడుగు మార్చడం, మణికట్టును వదులుగా ఉంచడం మాత్రమే చేయించారు. ఒక దెబ్బ వేయడానికి పట్టిన కాలం కంటే, ఎదుటివాడి దెబ్బ ఎటు నుంచి వస్తుందో కన్ను పసిగట్టడానికి పట్టిన కాలం చాలా ఎక్కువ. జలపాతం ఎక్కినవాడికి దేహబలం వస్తుందని మొదటి జవాబు రాసినవారు అన్నది నిజమే, కానీ ఆ రెండో చూపు రాదు. అది మరో మనిషి ఎదురుగా నిలబడి, మనల్ని కొడితేనే వస్తుంది.

‘బాహుబలి’ తీసిన రాజమౌళే 2012లో ఈ సంగతిని ఎంత చక్కగా చూపించారో ‘ఈగ’ చూసినవారికి తెలుసు. ఈగగా పుట్టిన నానికి మొదట ఎగరడమే చేతకాదు. తన ఒంటికి ఉన్న బలమెంతో తెలుసుకుని, శత్రువును నిద్రపోనివ్వకుండా చేయడంతో మొదలుపెట్టి, కసరత్తు చేసి, సూక్ష్మకళ తెలిసిన బిందు తయారుచేసి ఇచ్చిన చిన్నచిన్న ఆయుధాలతో ఒక్కో మెట్టు ఎక్కుతాడు. అరచేతితో అణిగిపోయే ప్రాణి ఒక మనిషిని ఓడిస్తుందంటే మనం నమ్మాం. ఆ నమ్మకం కోసం అంత శ్రమపడిన చేతులే మహేంద్రుడి దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రమను వదిలిపెట్టడం నాకు బాధగా ఉంది.

జవాబు 4 – డాలస్, చదువు హైదరాబాద్‌లో

ఈ చర్చ ఇంగ్లిష్ అభిమానుల మధ్య కూడా ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చిన 2015లోనే పెద్దది అయింది. ఆ డిసెంబరులో వచ్చిన స్టార్ వార్స్ చిత్రంలో రే అనే అమ్మాయి శిక్షణ లేకుండానే ప్రతినాయకుడు కైలో రెన్‌ను కత్తిపోరులో నిలువరించిందని, ఆమె ‘మేరీ స్యూ’ అని ఎంతోమంది ఆక్షేపించారు. పౌలా స్మిత్ 1973లో స్టార్ ట్రెక్ అభిమానుల పత్రికలో రాసిన ఒక వ్యంగ్యకథలో, పదిహేనున్నరేళ్లకే అన్నీ వచ్చేసిన లెఫ్టినెంట్ పేరు మేరీ స్యూ. ఆ మాట అక్కడి నుంచే వచ్చింది. కైలో రెన్ అప్పటికే చ్యూబాకా కాల్చిన దెబ్బతో గాయపడి ఉన్నాడన్న సంగతిని మాత్రం చాలామంది పక్కన పెట్టారు. 1999 నాటి స్టార్ వార్స్ చిత్రంలో తొమ్మిదేళ్ల అనాకిన్ శత్రువుల యుద్ధనౌకను పేల్చినప్పుడు అదే ఆక్షేపణ అంత గట్టిగా వినబడలేదు.

మనవాళ్లు ఇంతసేపు మహేంద్రుడి గురించే మాట్లాడుతున్నారు కానీ నాకు అవంతిక గుర్తుకొస్తోంది. దేవసేనను విడిపించడం అసలు ఆమెకు అప్పగించిన పని. తిరుగుబాటు దళంలో ఆయుధం పట్టి బతికిన మనిషి, ఆ ఒక్క అవకాశం కోసం ఎదురుచూసిన మనిషి ఆమె. శివుడు వచ్చి ఆమెను ప్రేమించి, ఆ పనిని తన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రెండో భాగానికి వచ్చేసరికి ఆమె తెరమీద దాదాపు కనిపించదు. నాయకుడికి శక్తి తేలికగా వచ్చిందా అని అడిగేటప్పుడు, అది ఎవరి దగ్గర నుంచి తీసుకుంటే అతనికి వచ్చిందో కూడా అడగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2009 నాటి ‘అరుంధతి’లో జేజమ్మ తన ఎముకలు ఆయుధం కావడం కోసం ప్రాణమే విడుస్తుంది. దధీచి కథ తెలిసిన మన ప్రేక్షకులు ఆమె బలాన్ని ప్రశ్నించలేదు, ఎందుకంటే ఆమె దానికి చెల్లించిన వెల అందరి కళ్ల ముందూ ఉంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒకే ముఖం వల్ల తండ్రి సాధన కొడుకుకు చేరిందన్న మాట నాకు పూర్తిగా నచ్చింది. ఆ దృష్టితో ఆలోచిస్తే నేను మొదటిసారి ఎందుకు మోసపోయానో అర్థమైంది. మాస్టారూ, జాంబవంతుడి పోలికను నేను కాదనను. అయితే హనుమంతుడికి బలం గుర్తుకు వచ్చిన తరువాత కూడా సముద్రం మీద విశ్రాంతి తీసుకోమన్న మైనాకుడు, నోరు తెరిచిన సురస, నీడను పట్టి లాగిన సింహిక ఎదురయ్యారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తీరుగా నడుచుకుని కానీ ఆయన లంక చేరలేదు. మహేంద్రుడికి ఆ నడిమి సముద్రం లేకుండా పోయింది.

డాలస్ నుంచి రాసినవారి మాట చదివాక నా ప్రశ్నకు జవాబు ఆ చిత్రంలోనే ఉండిపోయిందని అనిపిస్తోంది. పైకి ఎక్కి వచ్చిన శివుడు చెట్టుకొమ్మనో కర్రనో పట్టుకుని అవంతిక ముందు నిలబడి, ఒకటికి నాలుగుసార్లు ఆమె చేతిలో ఓడి, ఆమె అతని పట్టు సరిదిద్దే ఐదు నిమిషాల సన్నివేశం ఒక్కటి ఉంటే, కర్రసాము తెలిసినవారు చెప్పిన ఆ రెండో చూపు అతనికి వచ్చేది, ఆమె నేర్పిన విద్య ఆఖరి యుద్ధం దాకా అతని చేతిలో కనిపించేది.