మొదటి మిర్రర్‌లెస్: వాడిన బాడీకి మంచి లెన్సా, కొత్త బాడీకి కిట్ లెన్సా?

తొలిక్లిక్:
మా అమ్మాయి టేబుల్ టెన్నిస్ ఆడుతుంది. ఆట ఎప్పుడూ హాల్లోనే, దీపాల వెలుతురులోనే. ఫోనుతో తీస్తే బంతి సంగతి అటుంచి, చెయ్యీ బ్యాటూ కూడా చెరిగిపోయి వస్తున్నాయి. అందుకని మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేనిది, లెన్సులు మార్చుకోగలది) కొనాలని కొంతకాలంగా డబ్బు కూడబెడుతున్నాను. ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. కొత్త కెనాన్ ఆర్50, దానితో వచ్చే 18-45 కిట్ లెన్సు ఒకటి. ఎవరో వాడిన సోనీ ఏ6000 బాడీ (లెన్సు లేని కెమెరా) తీసుకుని, మిగిలిన డబ్బుతో 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కొనడం ఇంకొకటి. ఖర్చు దాదాపు సమానం. అంతకు మించి పెట్టలేను. వీడియో నాకు ముఖ్యం కాదు. ఏది తీసుకోమంటారు?

నీడవెలుగు:
ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. రెండోదే తీసుకోండి. ఫొటోకు ప్రాణం వెలుతురు, ఆ వెలుతురును లోపలికి రానిచ్చేది లెన్సు. ఆర్50తో వచ్చే కిట్ లెన్సును 45 దగ్గరకు (దూరాన్ని దగ్గరగా చూపే కొసకు) జరిపితే దాని అపర్చరు, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 6.3కి పడిపోతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 1.8 లెన్సు దానికంటే దాదాపు 12 రెట్లు ఎక్కువ వెలుతురు ఇస్తుంది. టేబుల్ టెన్నిస్‌లో చెయ్యి చెదరకుండా రావాలంటే షట్టర్ కనీసం సెకనులో 500వ వంతు ఉండాలి. ఆ వేగం దగ్గర కిట్ లెన్సు ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం, పెంచేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 12800 అడిగే చోట, ఎఫ్ 1.8 లెన్సు వెయ్యితో సరిపెడుతుంది. ఒకదానిలో ముఖమంతా ఇసుక చల్లినట్లు ఉంటుంది, రెండోదానిలో కనురెప్పలు లెక్కపెట్టవచ్చు. ఏ6000 వచ్చింది 2014లోనే అయినా 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేము కంటే చిన్న పరిమాణపు) సెన్సరే అది. సెకనుకు 11 ఫ్రేములు తీస్తుంది. ఆర్50 సెన్సరు కూడా దాదాపు ఆ పరిమాణమే, ఇంకా రవ్వంత చిన్నది.

చిరుగాలి:
ముందు ఫోనులోనే షట్టర్ వేగం పెంచి తీసి చూడండి. కెమెరా తర్వాత.

నిలకడ:
వాడిన కెమెరా జోలికి వెళ్లకండి. వివరంగా చెబుతాను, ఓపికగా చదవండి.

నా మొదటి కెమెరా వాడినదే. అమ్మినతను షట్టర్ కౌంటు (అప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) చాలా తక్కువని చెప్పాడు. బాడీ మీద గీత కూడా లేదు. ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకే షట్టర్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. లెన్సులోకి టార్చి వేసి చూస్తే లోపలి అద్దం అంచున సాలెగూడులా ఫంగస్ కనిపించింది. అతనికి ఫోను చేస్తే, మీ దగ్గరే పాడైందన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడమే మానేశాడు. రిపేరు చేసేవారు అడిగిన మొత్తం నేను కెమెరాకు పెట్టినదానికి కాస్తే తక్కువ. ఆ కెమెరా ఇప్పటికీ బీరువాలో ఉంది.

కొత్తదైతే వారంటీ ఉంటుంది. చెడితే తీసుకెళ్లి ఇస్తారు, అంతటితో సరి. పైగా ఆర్50 వచ్చింది 2023లో. ఏ6000తో దాని ఫోకస్‌ను పోల్చడమే తప్పు. కదులుతున్న మనిషి కన్నును వదలకుండా వెంబడిస్తుంది. ఏ6000లో కన్నును పట్టుకునే సదుపాయం ఉన్నా, అది కదలకుండా నిలబడినవారికే పనికొస్తుంది. టేబుల్ టెన్నిస్ ఆడే పిల్ల కదలకుండా నిలబడుతుందా?

నీడవెలుగు:
కన్ను అవసరం లేదు. ఫోకస్ చతురస్రాన్ని ముఖం మీద ఉంచి తీయండి. ఈ కంటి ఫోకస్ పుట్టకముందు ఆటల ఫొటోలు ఎవరూ తీయలేదా?

నిలకడ:
తీశారు, ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు తీశారు. ఇక్కడ అడుగుతున్నది మొదటి కెమెరా గురించి.

పాతమౌంటు:
ఇద్దరూ బాడీ గురించే మాట్లాడుతున్నారు, మౌంటు (లెన్సును బాడీకి బిగించే అమరిక) మాటే ఎత్తడం లేదు. బాడీ నాలుగేళ్లకు మారుతుంది, లెన్సులు పదిహేనేళ్లు మనతోనే ఉంటాయి. నేను ఒక మౌంటును నమ్మి మూడు లెన్సులు కొన్నాక, తయారుచేసిన కంపెనీ ఆ మౌంటునే ఆపేసింది. ఆ లెన్సులు అదే కంపెనీ కొత్త కెమెరాలకు పట్టవు. ఎవరికీ అమ్మలేను, పారేయలేను.

ఇది ఒక్క కంపెనీతో పోయే కథ కాదు. శామ్‌సంగ్ ఎన్‌ఎక్స్ పోయింది. నికాన్ 1 వరుస 2018లో ఆగింది. కెనాన్ ఈఓఎస్ ఎం 2012లో మొదలై 2023లో ముగిసింది. అందుకని తొలిక్లిక్ గారూ, ఏ మౌంటుకు బయటి కంపెనీలు కూడా లెన్సులు చేస్తున్నాయో అది చూడండి. సోనీ ఈ మౌంటు 2010 నుంచి ఉంది. సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4, 56 ఎంఎం ఎఫ్ 1.4 లాంటివి దానికి ఎప్పటినుంచో దొరుకుతున్నాయి, వాడినవీ దొరుకుతాయి. కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంటులో ఏపీఎస్-సీ కెమెరాల కోసం సిగ్మా, టామ్రాన్‌లకు తలుపు తెరుచుకున్నది 2024లోనే.

నిలకడ:
తెరుచుకుందిగా! ఇక ఇబ్బంది ఏమిటి?

పాతమౌంటు:
ఎంత ఆలస్యంగా తెరుచుకుందన్నదే ఇబ్బంది. వాడిన లెన్సుల మార్కెట్టు తయారుకావడానికి ఏళ్లు పడుతుంది.

బొమ్మలబడి:
నికాన్ జెడ్30 పేరు ఎవరూ ఎత్తలేదేం?

నీడవెలుగు:
దానికి వ్యూఫైండరు (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు కాబట్టి. కదిలే ఆటను చేతులు చాచి వెనక తెర మీద చూస్తూ తీయడం కష్టం.

అది వదిలేయండి. ఆర్50 గురించి ఒక మాట. అందులో పూర్తి మెకానికల్ షట్టర్ లేదు. ఇండోర్ హాల్లో ఎల్ఈడీ దీపాల కింద ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫొటోకు అడ్డంగా చారలు పడతాయి. ఇది ఎవరూ చెప్పరు.

నిలకడ:
సగం చెప్పి వదిలేస్తున్నారు. షట్టర్‌కు ఉండే రెండు తెరల్లో, ఆర్50లో మొదటి తెర మాత్రమే ఎలక్ట్రానిక్. రెండోది మెకానికల్. మీరు చెప్పే చారలు ప్రధానంగా పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్‌తో వచ్చేవి. ఆ మోడ్ ఎంచుకోకపోతే సరిపోతుంది.

నీడవెలుగు:
పూర్తి మెకానికల్ లేదన్నాను. లేదా, ఉందా?

నిలకడ:
లేదు. దానివల్ల ఈయనకు వచ్చే నష్టమేమిటో చెప్పండి.

నీడవెలుగు:
లేదని ఒప్పుకున్నారు, అది చాలు.

బొమ్మలబడి:
షట్టర్ తెర దగ్గరే పది జవాబులు అయ్యేలా ఉన్నాయి. అడిగినాయన ఇంకా ఇక్కడే ఉన్నారా?

తొలిక్లిక్:
ఉన్నాను, అన్నీ చదువుతున్నాను. ఒక సందేహం. కెమెరా బాడీలోనే కుదుపును ఆపే స్టెబిలైజేషన్ ఉన్నది కొంటే ఈ చెదిరిపోయే బాధ తగ్గుతుందా? ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 2 వాడినది చవకగా కనిపించింది.

పాతమౌంటు:
తగ్గదు. స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, మీ అమ్మాయి చేతిని ఆపలేదు. కదిలే మనిషిని నిలిపేది షట్టర్ వేగం ఒక్కటే. కదలని వాటికైతే ఆ కెమెరా ఎంతో బాగుంటుంది.

నీడవెలుగు:
వేగం కావాలంటే వెలుతురు కావాలి. వెలుతురు కావాలంటే ఎఫ్ 1.8 కావాలి. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే. నిలకడ గారు తనకు జరిగిన ఒక్క మోసాన్ని పట్టుకుని అందరినీ భయపెడుతున్నారు. నేను ఇప్పటికి కొన్న బాడీల్లో ఒక్కటే కొత్తది, మిగతావన్నీ వాడినవే. ఒక్కటీ చెడలేదు. చూసి కొనడం చేతకానివాళ్లు కొత్తవి కొనుక్కోవాలి, నిజమే. ఆ సలహా అందరికీ ఎందుకు?

నిలకడ:
చేతకానివాళ్లా? సరే. మీ దగ్గర ఇప్పుడు ఎన్ని కెమెరాలున్నాయి? ఒకటి చెడితే రెండోది తీస్తారు. మీకు వాడిన కెమెరా కొనడం సరదా. ఈయన పోస్టు మళ్లీ చదవండి. కొంతకాలంగా కూడబెట్టానన్నారు, అంతకు మించి పెట్టలేనన్నారు. ఆ డబ్బు పోతే ఈయన మళ్లీ ఎప్పుడు కూడబెట్టాలి? నా విషయంలో ఆ కెమెరా తర్వాత ఇంకో కెమెరా ఇంట్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ నా దగ్గర మంచి ఫొటో లేదు, చెడ్డ ఫొటో కూడా లేదు. అసలు ఫొటోలే లేవు. ఎఫ్ 6.3తో ఇసుక చల్లినట్లు వచ్చినా నాకు మహాభాగ్యంగా ఉండేది. తక్కువ డబ్బున్నవాడికి కావలసింది గొప్ప కెమెరా కాదు, చెడిపోతే ఇంకొకరు బాధ్యత తీసుకునే కెమెరా. చేతిలో మిగులు ఉన్నవాళ్లకు ఈ మాట ఎక్కదు.

నీడవెలుగు:
మిగులు సంగతి మీకేం తెలుసు?

నేను మొదట కొన్నది కొత్తదే. మీలాగే ఒకరు వారంటీ ముఖ్యమని గట్టిగా చెబితే, ఉన్నదంతా పెట్టి కొత్త బాడీ, కిట్ లెన్సు కొన్నాను. ఇంకో లెన్సుకు డబ్బు మిగల్లేదు. మా నాన్నగారు పాడేవారు. ఆయన వేదిక మీద ఆఖరిసారి పాడిన సాయంత్రం నా దగ్గర ఉన్నది ఆ కిట్ లెన్సే. వందల కొద్దీ తీశాను. ఒక్కదానిలోనూ ఆయన ముఖం ముఖంలా లేదు. కెమెరా మాత్రం చక్కగా పనిచేసింది, వారంటీ కూడా ఉంది. ఆ వారంటీని నేనేం చేసుకోవాలి? డబ్బు ఆలస్యంగానైనా మళ్లీ వస్తుంది. ఆ సాయంత్రం రాదు. అందుకే లెన్సు, లెన్సు అని గొంతు చించుకుంటున్నాను. ఈయన కూతురు ఈ వయసులో ఆడే ఆట కూడా మళ్లీ రాదు.

నిలకడ:
మీ బాధ అర్థమైంది. అయినా నా మాట మారదు. డబ్బు మళ్లీ వస్తుందని అందరి తరఫునా మీరు హామీ ఇవ్వలేరు.

నీడవెలుగు:
ఆట మళ్లీ వస్తుందని మీరూ ఇవ్వలేరు.

పాతమౌంటు:
ఇప్పుడు దారిలోకి వచ్చింది. ఇంతసేపూ షట్టర్ తెర గురించి కొట్టుకున్నారు. అసలు తేడా, ఏది పోతే తట్టుకోలేమన్న దగ్గర ఉంది. అది తొలిక్లిక్ గారే చెప్పాలి.

తొలిక్లిక్:
నిజం చెబుతాను. ఈ డబ్బు పోతే రెండేళ్లు ఇంకో కెమెరా మాట ఎత్తలేను. కాబట్టి వాడిన బాడీ అంటే భయమే. అలాగని హాల్లో పనికిరాని లెన్సుతో రెండేళ్లు గడపడమూ ఇష్టం లేదు. చదువుతుంటే ఒకటి తోచింది. నిలకడ గారిని దెబ్బతీసింది ప్రధానంగా షట్టర్. షట్టర్ బాడీలో ఉంటుంది, లెన్సులో ఉండదు. అలాంటప్పుడు బాడీ కొత్తది, లెన్సు వాడినది కొనవచ్చు కదా? ఆర్50, కిట్ లెన్సు ఇప్పుడు తీసుకుని, కొన్ని నెలలు ఆగి వాడిన ఆర్‌ఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి కొంటే?

నిలకడ:
దీనికి నేను అభ్యంతరం చెప్పను. లెన్సులో చూడవలసినవి తక్కువ. చీకటి గదిలో ఒకవైపు నుంచి టార్చి వేసి, రెండోవైపు నుంచి చూడండి. దారాల్లాంటివి, మబ్బులాంటి మసక కనిపిస్తే వదిలేయండి. నాలుగు దుమ్ము కణాలుంటే ఫరవాలేదు. దగ్గరి వస్తువు మీద ఒకసారి, దూరపు వస్తువు మీద ఒకసారి ఫోకస్ చేయించి చప్పుడు వినండి. అపర్చరు మూసుకుంటోందో లేదో చూడండి. ఎదురుగా నిలబడి చూడకుండా మాత్రం కొనవద్దు.

నీడవెలుగు:
కొన్ని నెలలు ఎందుకు ఆగడం? ఆ నెలల్లో జరిగే ఆటలు?

తొలిక్లిక్:
అంతవరకు కిట్ లెన్సును 18 దగ్గరే ఉంచి, దగ్గరగా నిలబడి తీస్తాను. అక్కడ ఎఫ్ 4.5 ఉంటుంది కదా. సాధన జరిగేటప్పుడు బల్ల పక్కదాకా వెళ్లనిస్తారు.

నీడవెలుగు:
ఎఫ్ 6.3తో పోలిస్తే అది రెట్టింపు వెలుతురు, అంతే. ఏమీ లేనిదానికంటే నయం. బంతి తగలని చోట నిలబడండి.

పాతమౌంటు:
మౌంటు గురించి నా అభిప్రాయం మారలేదు. ఆర్‌ఎఫ్‌కు వాడిన లెన్సులు సోనీ అంత విరివిగా ఉండవు. అయితే అడాప్టరు (బాడీకీ లెన్సుకూ మధ్య బిగించే కడియం) పెడితే కెనాన్ పాత ఈఎఫ్ మౌంటు లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. 1987 నుంచి వచ్చిన లెన్సులవి. చవకగా దొరికే వాడిన 50 ఎంఎం ఎఫ్ 1.8లు వాటిలో కొల్లలు. అడాప్టరు ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి, ఒక్కోసారి ఆర్‌ఎఫ్ లెన్సే నయమనిపిస్తుంది. మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ కూడా ఆ లెక్కలో ఉండాలి.

చిరుగాలి:
ఫోనులో షట్టర్ వేగం పెంచి చూశారా?

తొలిక్లిక్:
చూశానండీ. చెయ్యి ఆగింది, ఫొటో చీకటైపోయింది.

నీడవెలుగు:
తొలిక్లిక్ గారూ, ఆఖరుగా ఒకటి. ఆర్50 మీద 50 ఎంఎం పెడితే ఫుల్‌ఫ్రేములో (35 ఎంఎం ఫిల్ము పరిమాణపు సెన్సరులో) 80 ఎంఎం చూపించేంతే కనిపిస్తుంది. హాల్లో దూరం నుంచి తీయడానికి బాగుంటుంది కానీ, ఇంట్లో చిన్న గదిలో గోడకు ఆనుకుని నిలబడినా మనిషి పూర్తిగా పట్టకపోవచ్చు. అందుకని డబ్బు కట్టేముందు కిట్ లెన్సును 45 దగ్గర పెట్టి, ఇక జరపకుండా ఒక పూట హాల్లో, ఒక పూట ఇంట్లో తీయండి. 50 దాదాపు అలాగే ఉంటుంది. ఇరుకనిపిస్తే 50 వదిలేసి 35 వైపు చూడండి. నిలకడ గారు చెప్పిన టార్చి పరీక్ష మాత్రం దేనికైనా చేయండి.