మంచు చరియలు జారతాయేమోనని గొయ్యి తవ్వి టెస్ట్ చేసి 'బానే ఉంది' అనుకుంటే ఆ వాలు దిగేయొచ్చా?

కొండదారి: నిన్నట్నుంచి మా గ్రూపులో ఇదే గొడవండి. స్కీలేసుకుని పైకెళ్లాం, మంచులో గొయ్యి తవ్వి 90 సెంటీమీటర్ల వెడల్పున దిమ్మె కోసి, మీద పార పెట్టి 30 దెబ్బలు కొట్టాం, మణికట్టుతో 10, మోచేతితో 10, భుజం నుంచి 10. లోపల బలహీన పొర ఉంటే ఆ దెబ్బలకి పగలాలి, పగులు రాలేదు. మావాళ్లు దిగుదామన్నారు, నేను వద్దన్నా. ఆ రోజు మంచు చరియల బులెటిన్‌లో ప్రమాదం 5కి 3 ఉంది. నాది అతి భయమా?

మంచుపార: భయం తప్పని అనను గానీ టెస్ట్‌ని అలా తీసిపారేయొద్దు. బులెటిన్ ఆ ప్రాంతం మొత్తానికి రాస్తారు, మీ ముందున్న వాలుకి కాదు. మంచు పలచగా ఉండి పైన చలి బాగా ఎక్కువైతే, నేల దగ్గర మాత్రం సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది కదా, ఆ తేడాకి లోపలి ఆవిరి పైకి పోతూ పోతూ అడుగు పొరని చక్కెర పలుకుల్లా చేసేస్తుంది, ఒకదానికొకటి అంటుకోవు. దాని మీద గాలి తెచ్చిపోసిన గట్టి పలక కూర్చుందంటే అది జారిపోవడానికి ఒక్క మనిషి బరువు చాలు. ఆ పొర తవ్వకుండా ఎలా కనపడుతుంది చెప్పండి?

కొండదారి: కనపడితే వెనక్కి రావడానికి గొయ్యి పనికొస్తుంది, ఒప్పుకుంటా. కనపడలేదు కాబట్టి వెళ్లొచ్చు అనడమే నాకు మింగుడుపడట్లేదు. మనం తవ్వింది ఒక్క చోట, కాస్త అవతల రాళ్ల దగ్గర మంచు పలచగా ఉంటుంది, అక్కడ కాలు పడితే పగులు వాలంతా పాకిపోతుంది. పలకలు జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే, అందుకే నేను ముందు కోణం కొలుస్తా, 30 లోపుండి పైన నిటారు వాలేదీ లేకపోతేనే వెళ్తా. కోణం రాత్రికి రాత్రి మారదు, మంచు మారుతుంది.

తెల్లగుట్ట: అందరి దగ్గరా బీకన్ (మంచు కింద మనిషి ఎక్కడున్నాడో సిగ్నల్‌తో చెప్పేది), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉన్నాయిగా, ఇంత ఆలోచన ఎందుకు?

మంచుపార: అవి మనిషి మంచులో పూడిపోయాక వాడేవండీ. 10, 15 నిమిషాల్లో తవ్వి తీయకపోతే బతికే ఛాన్స్ బాగా పడిపోతుంది, చెట్టుకో రాయికో కొట్టుకుంటే ఆ టైమూ ఉండదు. కొండదారి గారూ, ఎక్కేటప్పుడు కాళ్ల కింద 'వూంఫ్' అని మంచు కుంగిన శబ్దం ఏమన్నా వచ్చిందా?

కొండదారి: వచ్చింది, ఒక్కసారి, గొయ్యి తవ్విన చోటికి కొంచెం కింద.

మంచుపార: ఐతే ఇక ఆ 30 దెబ్బల లెక్క వదిలేయండి. బలహీన పొర మీ బరువుకే కుప్పకూలిందని ఆ శబ్దం అర్థం, అంతకన్నా పెద్ద టెస్ట్ లేదు. మీరే కరెక్ట్.