మా ఆయన థాయ్‌లాండ్‌లో ఉన్నారు, పాపతో వెళ్లాలి – ఫ్రీ ఎంట్రీ మీద దిగి బోర్డర్ దాటి వస్తుంటే చాలంటున్నారు, నిజమేనా?

కొర్లగుంట_సుధ, తిరుపతి

అందరికీ నమస్కారం. మా ఆయన శ్రీసిటీలో కారు విడిభాగాల కంపెనీలో పనిచేసేవారు. కంపెనీవాళ్లే పోయిన ఏడాది థాయ్‌లాండ్ ప్లాంటుకు పంపించారు, ఇప్పుడు చోన్‌బురి ప్రావిన్సులోని శ్రీరాచాలో ఉంటున్నారు. ఆయనకు నాన్-బి వీసా (ఉద్యోగం మీద పోయేవాళ్లకు ఇచ్చేది), వర్క్ పర్మిట్ ఉన్నాయి, ఏడాది ఎక్స్‌టెన్షన్ కూడా పడింది. ఇప్పుడు నేను, ఆరేళ్ల పాప వెళ్లి అక్కడే ఉందామని. మా అత్తమ్మ కూడా రెండు మూడు నెలలు వచ్చి ఉంటానంటున్నారు, అవ్వ లేకుండా పాప అన్నం కూడా తినదు.

ఇక్కడ బస్టాండ్ దగ్గర ఒక ట్రావెల్స్ ఆయన్ని అడిగితే, "వీసా గీసా ఏమీ వద్దమ్మా, మనవాళ్లకు ఫ్రీ ఎంట్రీ, టికెట్ వేసుకుని పోండి, టైం అయిపోతానే బోర్డర్ దాటి టీ తాగి వెనక్కి రండి, మళ్లీ స్టాంపు కొడతారు, అందరూ చేసేది అదే" అన్నాడు. మా ఆయన కంపెనీ హెచ్‌ఆర్‌ని అడిగితే కుటుంబం సంగతి మీరే చూసుకోవాలన్నారంట. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో విషయం, నేను ఇంటి నుంచే ఒక హైదరాబాద్ కంపెనీకి అకౌంట్స్ పని చేస్తాను, అక్కడికి పోయినా అది చేసుకోవచ్చా? పెళ్లి కొండ మీద జరిగింది, తర్వాత సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాం, ఆ సర్టిఫికెట్ ఉంది. పాప బర్త్ సర్టిఫికెట్‌లో మాత్రం తల్లి పేరు దగ్గర ఇంటిపేరు లేకుండా ఉత్త "సుధ" అని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు_టు_బ్యాంకాక్

సుధ గారూ, ఆ ట్రావెల్స్ ఆయన మాట పక్కన పెట్టేయండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. రేపు బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర పాపను ఎత్తుకుని నిలబడేది మీరు, ఆయన కాదు.

ముందు ఒక సంగతి బాగా అర్థం చేసుకోండి, సగం మంది ఇక్కడే పొరపడతారు. వీసా వేరు, ఉండే గడువు వేరు. వీసాలో రాసి ఉండే తేదీ "ఈలోపు దేశంలో దిగాలి" అనే తేదీ. మీరు దిగినప్పుడు ఆఫీసర్ పాస్‌పోర్టులో కొట్టే స్టాంపు మీద ఇంకో తేదీ వేస్తారు, ఏ రకం కింద రానిచ్చారో కూడా రాస్తారు. ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఆ స్టాంపు ఒక్కటే. దిగిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది, అంటే ఒకటో తేదీ దిగి 30 రోజులు ఇస్తే ముప్పయ్యో తేదీకి గడువు అయిపోయినట్టే. కౌంటర్ దాటి వచ్చేయకుండా అక్కడే ముగ్గురి పాస్‌పోర్టులూ తెరిచి తేదీ చూసుకోండి, తప్పుంటే అప్పుడే చెప్తే సరిచేస్తారు.

వీసా లేకుండా దిగే ఫ్రీ ఎంట్రీ పెట్టిన మాట నిజమే. 2023 నవంబరులో మనకు 30 రోజులు ఇచ్చారు, 2024 జూలై 15 నుంచి దాన్ని 60 చేశారు. కానీ అది టూరిస్టులకు. దాన్ని మళ్లీ 30కి తగ్గించాలని అక్కడి పర్యాటక శాఖ 2025 మార్చిలోనే అంది, ఇప్పటికి మారి ఉండొచ్చు కూడా, కాబట్టి టికెట్ కొనే ముందు చెన్నైలోని థాయ్ కాన్సులేట్ సైటు చూసుకోండి. ఇక బోర్డర్ దాటి రావడం సంగతి. వీసా లేకుండా అలా పదే పదే వస్తుంటే ప్రతిసారీ రానిస్తారనే నమ్మకం లేదు. అది హక్కేమీ కాదు. నువ్వు టూరిస్టువి కాదు, ఇక్కడే కాపురం ఉంటున్నావని ఆఫీసర్‌కు అనిపిస్తే 1979 నాటి ఇమిగ్రేషన్ చట్టం 12వ సెక్షన్ కింద వెనక్కి పంపేయొచ్చు. పైగా చోన్‌బురి వాళ్లకు దగ్గర కంబోడియా బోర్డరే. 2025 జూన్‌లో రెండు దేశాలకూ గొడవ ముదిరి ఆ గేట్లు మూసేశారు, దాన్నే నమ్ముకున్నవాళ్లు ఒక్కసారిగా ఇరుక్కుపోయారు. పసిపిల్లతో అలాంటి పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

మీకూ పాపకూ సరైన దారి నాన్-ఓ. మీ ఆయన వర్క్ పర్మిట్ మీద ఆధారపడిన కుటుంబంగా ఇచ్చే వీసా ఇది. థాయ్ ఈ-వీసా సైటులో చెన్నై కాన్సులేట్ ఎంచుకుని తిరుపతిలో ఇంట్లో కూర్చునే అప్లై చేయొచ్చు. మీ ఆయన పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ కాపీలు, కంపెనీ లెటరు, మీ పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ ముఖ్యం. దిగగానే 90 రోజులు ఇస్తారు. ఆ 90 అయ్యేలోపు చోన్‌బురి ఇమిగ్రేషన్‌లో, మీ ఆయన గడువు ఎప్పటివరకు ఉందో అప్పటివరకు మీ ఇద్దరికీ పొడిగించుకోవాలి. మనిషికి 1,900 బాత్. ఆ తర్వాత ఏటా ఆయనతో పాటే మీదీ. ఆయన ఉద్యోగం మారినా పోయినా మీ గడువు కూడా దాంతోనే పోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఫ్రీ ఎంట్రీ మీద దిగి లోపలే నాన్-ఓకి మార్చుకునే వీలు కూడా ఉంది, 2,000 బాత్, గడువు కనీసం 15 రోజులు మిగిలి ఉండాలి. కానీ కాగితాల్లో ఏదన్నా తేడా వస్తే మళ్లీ తిరుపతికి పరుగెత్తాల్సింది మీరే, కాబట్టి ఇక్కడి నుంచే చేయించుకుని పోండి.

కాగితాల దగ్గరే అసలు పని ఉంది. నోటరీ సంతకం చాలదు. ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత ఢిల్లీ విదేశాంగ శాఖ, ఆపైన థాయ్ కాన్సులేట్, ఈ వరుసలో ముద్రలు పడాలి. పాప సర్టిఫికెట్‌లో ఉత్త "సుధ" అని ఉంటే ఇవేవీ మొదలుపెట్టకముందే మున్సిపల్ కార్పొరేషన్‌లో సరిచేయించుకోండి. మన ఇంటిపేర్లు, ఇనిషియళ్ల గొడవ వాళ్లకు అర్థం కాదు, పాస్‌పోర్టులో ఎలా ఉందో సర్టిఫికెట్‌లో అక్షరం పొల్లు పోకుండా అలాగే కావాలంటారు. ముద్రలన్నీ పడ్డాక పేరు మార్చితే డబ్బు, టైం రెండూ దండగ.

పలమనేరు_మాస్టారు

అమ్మా సుధా, పై అబ్బాయి బాగా చెప్పాడు. మీ అత్తమ్మ గారి విషయం నేను చెప్తాను, మేమిద్దరం మా అబ్బాయి దగ్గరికి అలాగే వెళ్లి ఉండి వచ్చాం. ఆమె రెండు మూడు నెలలే అంటున్నారు కాబట్టి, ఫ్రీ ఎంట్రీ అప్పటికీ 60 రోజులు ఉంటే వేరే వీసా అక్కర్లేదు. ఫ్రీ ఎంట్రీ మీద దిగి, గడువు అయ్యేలోపు ఇమిగ్రేషన్ ఆఫీసుకు పోయి ఇంకో 30 రోజులు అడగొచ్చు. టీఎం 7 అని ఫారం, దానికి 4x6 సెంటీమీటర్ల ఫోటో, పాస్‌పోర్టు కాపీలు, ప్రతి కాపీ మీదా సంతకం, 1,900 బాత్ నగదు. మనిషి స్వయంగా పోవాల్సిందే.

మేము అన్నీ సర్దుకుని పోయినా కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి మొట్టమొదట అడిగింది టీఎం 30. మాకు దాని పేరే తెలియదు. విదేశీయుడు ఎవరన్నా ఇంట్లో దిగితే 24 గంటల్లో ఇంటి ఓనరు ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలంట, హోటల్ అయితే వాళ్లే చేసేస్తారు. మా అబ్బాయి ఉండే ఇంటి ఓనరు అబ్బాయి పేరు ఎక్కించాడు గానీ మా పేర్లు ఎక్కించలేదు. ఇంటికి తిరిగి వచ్చి, ఆయన చేత ఆన్‌లైన్‌లో వేయించి, ఆ రసీదు ప్రింటు తీసుకుని మళ్లీ పోయాం. అప్పుడు స్టాంపు వెంటనే కొట్టారు, ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది కూడా. కాబట్టి మీరు దిగిన మర్నాడే మీ ఆయన్ని ఓనరుతో మాట్లాడమనండి, మీ ముగ్గురి పేర్లూ ఎక్కాలి. ముగ్గురివీ రసీదులు దాచుకోండి.

ఇంకోటి. ఒకప్పుడు విమానంలో ఇచ్చిన కార్డుకు బదులు 2025 మే 1 నుంచి టీడీఏసీ అని ఆన్‌లైన్ ఫారం పెట్టారు. దిగే రోజుకు ముందు మూడు రోజుల లోపు నింపాలి, పాపకు కూడా విడిగా. దానికి రూపాయి కూడా ఫీజు లేదు. గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే సైట్లు పైన వస్తాయి, వాటి జోలికి పోవద్దు. థాయ్ ప్రభుత్వ ఇమిగ్రేషన్ సైటులోనే నింపండి.

మదనపల్లె_కోడర్

అక్కా, ఇంటి నుంచి చేసే పని గురించి ఎవరూ చెప్పలేదు. నాన్-ఓ ఉన్నంత మాత్రాన పని చేయడానికి అనుమతి ఉన్నట్టు కాదు. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 50,000 బాత్ దాకా జరిమానా, దేశం నుంచి పంపేయడం కూడా ఉంటుంది. బయటి దేశం కంపెనీకి లాప్‌టాప్‌లో పని చేసుకునేవాళ్ల కోసమే 2024 జూలైలో డీటీవీ అని కొత్త వీసా పెట్టారు. అయిదేళ్లు చెల్లుతుంది, దిగిన ప్రతిసారీ 180 రోజులు. కానీ బ్యాంకులో 5 లక్షల బాత్ చూపించాలి, అంటే మన డబ్బులో పది లక్షలు దాటుతుంది. మీ కంపెనీ నుంచి ఉద్యోగం లెటర్ కూడా కావాలి. ఆ డబ్బు చూపించగలిగితే మీరు డీటీవీకి పోండి, పాపకు మీ ఆయన మీద నాన్-ఓ. లేదంటే ముందు కుటుంబం ఒక చోటికి చేరడం ముఖ్యం, నాన్-ఓ మీద పోయి పని కొన్నాళ్లు ఆపండి అంటాను. జీతం పోతుందని తెలుసు, అయినా ఇందులో దాచిపెట్టి చేసే బేరం వద్దు.

కొర్లగుంట_సుధ, తిరుపతి

అందరికీ చాలా థ్యాంక్స్. డీటీవీకి అంత డబ్బు చూపించలేం, నాన్-ఓకే పోతాం. మే నెలలో గంగమ్మ జాతరకు మా ఆయన వారం రోజులు వస్తున్నారు, అప్పుడు కలిసి వెళ్లిపోదామని అనుకుంటున్నాం. ఆయన ఎక్స్‌టెన్షన్‌కు ఇంకా నెలలు ఉన్నాయి కదా, ఆయన వచ్చి పోవడానికి ఇబ్బంది ఏమీ ఉండదు కదా?

చిత్తూరు_టు_బ్యాంకాక్

మంచి సమయంలో అడిగారు, దీన్ని ఈరోజే ఆయనకు ఫోన్ చేసి చెప్పండి. రీ-ఎంట్రీ పర్మిట్, అంటే బయటికి పోయి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, లేకుండా దేశం దాటితే ఆ ఎక్స్‌టెన్షన్ ఆ నిమిషమే రద్దయిపోతుంది. గడువు ఎన్ని నెలలు మిగిలి ఉన్నా సరే. ఆయనది రద్దయితే దాని మీద ఆధారపడే మీ ఇద్దరి కాగితాలు కూడా నిలబడవు. ఆ పర్మిట్‌కు టీఎం 8 ఫారం, ఒకసారి వచ్చి పోవడానికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా అంటే 3,800. ఇంటికి తరచుగా వచ్చే మనిషి అయితే 3,800దే మేలు. చోన్‌బురి ఆఫీసులో ముందే చేయించుకోమనండి. సువర్ణభూమిలో కూడా ఇస్తారు గానీ రాత్రి ఫ్లైటుకు హడావుడిగా పోయి ఆ కౌంటర్ వెతుక్కోవడం ఎందుకు. రేపు మీకు ఎక్స్‌టెన్షన్ పడ్డాక మీకూ పాపకూ ఇదే రూలు.

90 రోజుల రిపోర్టు కూడా చెప్పాలి. దేశంలో వరుసగా 90 రోజులు ఉంటే ఫలానా చోట ఉంటున్నామని టీఎం 47 వేయాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా వేయొచ్చు, దాటితే 2,000 బాత్ జరిమానా. ఇది ఎక్స్‌టెన్షన్ కాదు, రిపోర్టు ఇచ్చినంత మాత్రాన ఉండే గడువు పెరగదు. బయటికి పోయి వస్తే మళ్లీ దిగిన రోజు నుంచి కొత్తగా లెక్క. మీ ఆయనది హెచ్‌ఆర్ చూసుకుంటారు, మీ ఇద్దరిదీ ఎవరూ గుర్తుచేయరు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

గడువు దాటితే రోజుకు 500 బాత్, ఎంత దాటినా 20,000కి మించదు. డబ్బే కదా అనుకుంటారు చాలామంది. 90 రోజులు దాటాక తనంతట తాను పోయినా ఏడాది నిషేధం. పోలీసులకు దొరికితే కొద్ది రోజులే దాటినా అయిదేళ్లు.

పుత్తూరు_కుర్రోడు

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా తమ్ముడికి బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అన్నారు, నెలకు లక్ష. "ఫ్రీ ఎంట్రీ మీద దిగు, వీసా ఇక్కడ మారుస్తాం, ఎయిర్‌పోర్టుకు కారు పంపిస్తాం" అంటున్నారు. వచ్చే వారం చెన్నై నుంచి టికెట్. పంపించొచ్చా?

చిత్తూరు_టు_బ్యాంకాక్

తమ్ముడూ, పంపొద్దు. ఇది నేను ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ కారు బ్యాంకాక్‌లో ఆగదు. దాదాపు 500 కిలోమీటర్లు పోయి మే సోట్ అనే ఊళ్లో ఆగుతుంది, అక్కడ చిన్న ఏరు దాటిస్తే అవతల మయన్మార్‌లోని మ్యావడీ. పాస్‌పోర్టు లాక్కుని సైబర్ మోసాలు చేయిస్తారు. అక్కడ చిక్కుకున్న మనవాళ్లను 2025 మార్చిలో వాయుసేన విమానాలు మే సోట్ నుంచి అయిదు వందల మందికి పైగా తీసుకొచ్చాయి, అందులో తెలుగు పిల్లలు కూడా ఉన్నారు.

నిజంగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ అయితే నాన్-బి వీసాకు కాగితాలు ఇక్కడికే పంపుతుంది, సుధ గారి ఆయనకు జరిగింది అదే. వాళ్లను ఒక్కటే అడుగు: "చెన్నై కాన్సులేట్‌లో నాన్-బికి మేమే అప్లై చేస్తాం, కంపెనీ రిజిస్ట్రేషన్, థాయ్ కార్మిక శాఖ అనుమతి కాగితం పంపండి" అను. ఏం జవాబిస్తారో చూడు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో వెతుకు. మీ తమ్ముడు పదో తరగతి పాస్ కాకపోయుంటే పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) కింద ఉంటుంది, ఉద్యోగానికి థాయ్‌లాండ్ పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి, అందుకే వాళ్లు టూరిస్టుగా దిగమంటారు.

టికెట్ డబ్బు పోతే పోనీ. పాస్‌పోర్టు ఆ ఏజెంటు దగ్గర ఉంటే ముందు అది వెనక్కి తెచ్చుకోండి, ఇవ్వనంటే పుత్తూరు స్టేషన్‌లో కంప్లైంట్ రాసివ్వండి. వాళ్లు పంపిన మెసేజీలు, ఫోన్ నంబర్లు ఏవీ డిలీట్ చేయొద్దు. తమ్ముడు వినకపోతే నాకు మెసేజ్ పెట్టు, నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.