నల్లరేగడి నేలలో పాత ఇంటిని ఆనుకుని గది: పునాది ఎలా వేయాలి?

ప్రశ్న (నరసరావుపేట నుంచి):
రాతి పునాది మీద 1994లో కట్టిన ఇల్లు మాది. అమ్మ మెట్లెక్కలేకపోతోంది, అందుకని కింద ఒక గది, బాత్రూమ్ కలపాలి. ఎండాకాలం పెరట్లో చెయ్యి దూరేంత బీటలు పడతాయి. మేస్త్రీ మాత్రం మూడడుగులు తవ్వి, కొత్త గోడను పాత గోడకే పట్టిస్తే చాలంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు (సైట్ ఇంజినీర్):
దయచేసి పట్టించొద్దండి. పాత పునాది ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇంకా కుంగుతుంది. రెండూ కలిసిన చోటే పగులుతుంది. మధ్యలో అంగుళం సందు వదిలి, పైన వాన నీళ్లు దిగకుండా రేకు పట్టీ వేయించండి.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మూడడుగుల పునాది ఆ కదలికలోనే ఉంటుంది. ఇలాంటి నేలకే రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) అండర్ రీమ్డ్ పైల్స్ రూపొందించింది. అంటే నేలలోకి లోతుగా దింపే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీట్ స్తంభాలు. లోతు సుమారు మూడున్నర మీటర్లు, అడుగు భాగంలో పైల్ వెడల్పుకు రెండున్నర రెట్లు ఉండే ఉబ్బు. పైన వేసే బీమ్ కింద ఖాళీ తప్పనిసరి, లేదంటే ఉబ్బిన మట్టి దాన్ని ఎత్తేస్తుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి.

మరో జవాబు:
గోడలకు ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద) ఇటుకలు చూడండి. మట్టి ఇటుకలకు తవ్వే పొలాల పైమట్టి మిగులుతుంది. బాత్రూమ్ పైపులు మాత్రం కారకూడదు, కారితే పునాది కింద మట్టి తడిసి ఉబ్బుతుంది.

అడిగినవారు:
పక్కనే పెద్ద వేపచెట్టుంది. కొట్టేయమంటారా?

సైట్ ఇంజినీర్:
వద్దండి. చెట్టు పోతే అది తాగే నీరంతా నేలలోనే ఉండి మట్టి ఉబ్బుతుంది. వీలైతే గదినే అవతలి వైపుకు జరపండి.