శివారు కాలనీకి సొంత కుళాయి పథకమా, పెద్ద పైపు వచ్చేదాకా ఎదురుచూపా?

అనంతపురం శివారు వాసి:
మా కాలనీలో కొందరు కలిసి బోరు వేసి, ట్యాంకు కట్టి, ఇంటింటికీ కుళాయి పెట్టుకుందాం అంటున్నారు. ఇంటికి నెలకు 100 రూపాయలు. నీళ్లివ్వడం ప్రభుత్వం పని, మనం డబ్బు కడితే ఇక మనవైపు ఎవరూ చూడరని మరికొందరి వాదన. మీరేమంటారు?

తాడిపత్రి ఉపాధ్యాయుడు:
నేను ఒప్పుకోను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. బోరును నమ్మి పైపులు పరిస్తే రెండు కరువులకే అవి ఎండిపోతాయి. లోతుకు దించితే ఫ్లోరైడు. 1990లలో సత్యసాయి పథకం వందల ఊళ్లకు నీళ్లు తెచ్చింది కూడా ఆ బోర్ల బాధ తీర్చడానికే కదా.

కళ్యాణదుర్గం నుంచి:
మాస్టారూ, బోరు గురించి మీరన్నది అక్షరాలా నిజం. అయితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది ఒక ప్రశ్న, వీధిలో ఎవరు పంచుతారన్నది మరో ప్రశ్న. పెద్ద పథకం నీళ్లను ట్యాంకు దాకా తెస్తుంది. ఆ తర్వాతే పేదల వీధి వెనకబడుతుంది.

లెక్క చూడండి. 20 లీటర్ల క్యాను 5 రూపాయలే అనుకున్నా వెయ్యి లీటర్లకు 250 రూపాయలు. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ చెప్పే, మనిషికి రోజుకు 55 లీటర్ల ప్రకారం అయిదుగురున్న ఇంటికి నెలకు 8,250 లీటర్లు కావాలి. నెలకు 100 కడితే వెయ్యి లీటర్లు దాదాపు 12 రూపాయలకే వస్తాయి. కూలి మనిషికి ఈ నెల బిల్లు భారం కాదు. కుళాయి బిగించేటప్పుడు ఒక్కసారే అడిగే వేల రూపాయలు, ఇంటి పన్ను రసీదు, ఇవే అడ్డు.

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో 1997లో నీటి సరఫరాను ప్రైవేటుకు ఇచ్చాక, మురికివాడల్లో స్థలం పత్రాలు లేనివారికీ కుళాయిలిచ్చారు. కనెక్షన్ డబ్బు వాయిదాల్లో తీసుకున్నారు. కొన్నిచోట్ల మీటర్లన్నీ ఒకేచోట పెట్టి, అక్కడి నుంచి ఎవరి పైపు వాళ్లే వేసుకున్నారు. ప్రైవేటు కంపెనీలు మనకు అక్కర్లేదు, నేను దానికి వ్యతిరేకిని. వాయిదాల పద్ధతి మాత్రం మనం తెచ్చుకోవాలి. ప్రభుత్వం కాలనీ మొదట్లో ఒకే మీటరు పెట్టి టోకుగా నీళ్లివ్వాలి. లోపలి పంపిణీ మహిళా సంఘం చూసుకోవాలి. జమాఖర్చులు ట్యాంకు గోడ మీద రాయాలి.

తాడిపత్రి ఉపాధ్యాయుడు:
టోకు నీళ్లైతే నాకు అభ్యంతరం లేదు. మరి మోటారు కాలిపోతే? సంఘం దగ్గర అంత డబ్బుంటుందా?

కళ్యాణదుర్గం నుంచి:
ఆ 100లో కొంత మొదటి నెల నుంచే మరమ్మతులకు పక్కన పెట్టాలి. పెద్ద మరమ్మతులు ప్రభుత్వమే భరించాలి, అది రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితం చేతికి రాకుండా ఒక్క రూపాయి కూడా వసూలు చేయకండి.

అనంతపురం శివారు వాసి:
బోరు మాట పక్కన పెడుతున్నాం. టోకు నీళ్ల కోసం అర్జీ రాస్తున్నాం.