‘ఆకాశ ఖననం’: ఆకాశంలో ఎక్కడ తవ్వుతారండీ?

టిబెట్ మీద ఒక వ్యాసం చదువుతూ ‘ఆకాశ ఖననం’ దగ్గర ఆగిపోయాను. ఖననం అంటే తవ్వి పూడ్చడం కదా. గని, ఖనిజం ఆ తవ్వకంలోంచి వచ్చినవే. రాబందులకు శవాన్ని వదిలేసేచోట ఇక తవ్వేదేముంది? టిబెటన్‌లో అసలు మాట ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

— తప్పు ఆ రాసినాయనది కాదు లెండి, ‘స్కై బరియల్’ని మక్కికి మక్కి దించారు. చైనీయుల ‘థ్యెన్‌జాంగ్’ కూడా అంతే: ఆకాశం, పూడ్చడం. టిబెటన్లు ‘జాతోర్’ అంటారు. ‘జా’ అంటే పక్షి, ‘తోర్’ అంటే చల్లడం. అందులో ఆకాశమూ లేదు, గొయ్యీ లేదు.

ఆ ‘తోర్’తోనే ‘తోర్మా’ అన్న మాట కూడా ఉంది. పిండితో ముద్దలు చేసి పెట్టే నైవేద్యం అది. సంస్కృత బౌద్ధ గ్రంథాల్లో ‘బలి’ ఉన్నచోట టిబెటన్ అనువాదకులు వాడింది ఆ మాటే. ఆ లెక్కన జాతోర్‌ను పక్షిబలి అనాలి. కానీ బలి అనగానే మనకు కత్తీ మేకపోతూ కళ్లముందుకొస్తాయి. పాత అర్థం ప్రాణులకు పెట్టే అన్నం. అమరకోశంలో కాకికి ‘బలిభుక్కు’ అన్న పేరు అందుకే.

అక్కడ జరిగేదీ పెట్టడమే. శవాన్ని కొన్ని రోజులు ఇంట్లో ఉంచుతారు. చైతన్యం ఒళ్లు వదిలి మంచి చోటికి పోవాలని లామా ‘ఫోవా’ చేస్తాడు. ఆ తర్వాత మిగిలింది ఖాళీ గూడే. తెల్లవారుతుండగా ‘దుర్‌త్రో’కు, అంటే శ్మశానానికి, తీసుకెళ్తారు. జునిపర్ కొమ్మల పొగ వేస్తారు. ‘రోగ్యాపా’ శవాన్ని కోస్తాడు (‘రో’ అంటే శవం). ఎముకలను కూడా నూరి త్సాంపాలో, అంటే వేయించిన బార్లీ పిండిలో, కలిపి పెడతాడు. ఏమీ మిగలకూడదు. లాసాకు ఈశాన్యాన, 1179లో కట్టిన డ్రిగుంగ్ థిల్ మఠం దగ్గరి దుర్‌త్రోకు చాలా పేరుంది.

— కట్టెలు దొరకవు, నేల గడ్డకట్టి ఉంటుంది. అవసరానికి తర్వాత మతం రంగు పూశారేమో?

— సగం నిజమే. దహనం ఎక్కువగా పెద్ద లామాలకే. కానీ వాళ్లు చెప్పుకునే కారణం దానం. మనకు శిబి ఉన్నట్టు, వాళ్లకు ఆకలిగొన్న ఆడపులికి తన ఒళ్లిచ్చిన బోధిసత్వుడున్నాడు. నేపాల్‌లోని నమో బుద్ధ ఆ చోటేనని నమ్ముతారు. రాబందులను డాకినులుగా చూడటమూ ఉంది (మన కథల్లోని పిశాచి కాదు, వాళ్లకు డాకిని దేవత). డాకినికి వాళ్ల మాట ‘ఖాన్‌డ్రో’, ఆకాశంలో తిరిగేది. మన ఖేచరి అన్నమాట.

పార్శీలు శవాలను రాబందులకు వదిలే కట్టడం, దఖ్మాతో మాత్రం దీన్ని కలపకండి. అక్కడ నేల, నీరు, నిప్పు మైలపడకూడదన్నది లెక్క.

— మా నాయనమ్మకు కోపమొస్తే ‘నిన్ను కాకులకూ గద్దలకూ వెయ్య!’ అని తిట్టేది. టిబెట్‌లో దీన్ని దీవెన అనుకుంటారేమో 🙂

— అందులో ‘వెయ్య’ గమనించండి. కుక్కకు వేస్తాం, చెత్తలో వేస్తాం. దినం రోజున మాత్రం ‘కాకికి పెట్టారా?’ అని అడుగుతాం. నన్నడిగితే జాతోర్‌కు ‘పక్షులకు పెట్టడం’ అంటే చాలు. శీర్షికలో ఇమడదంటే పక్షిబలి అనండి, మేకపోతు గుర్తొస్తే రానివ్వండి. ఖననం మాత్రం వద్దు.